మాస్టారు కర్టెన్ తీశారు

నవంబర్ 3, సోమవారం

ఉద్యోగంలో చేరాను. నేను ఉద్యోగం అంటున్నాను, అమ్మ ఫోన్‌లో టైంపాస్ అంది.

కమ్యూనిటీ హాల్ వెనక గదిలో ఒక టేబుల్, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాన్, ఒక కాలు పొట్టిదైన కుర్చీ. పని ఏమిటంటే, ఈ నెల పదహారున మా వీధి అసోసియేషన్ వాళ్ళు మంచి పొరుగువాళ్ళకి సన్మానం చేస్తున్నారు. ఎవరు ఎవరికి ఏం సాయం చేశారో నేను ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవాలి. ఒక్కొక్కరి మీదా నాలుగు మంచి వాక్యాలు రాయాలి. ప్రెసిడెంట్ స్టేజీ మీద చదువుతాడు. చప్పట్లు.

ప్రెసిడెంట్‌కి నేను పెట్టుకున్న పేరు మైక్ టెస్టింగ్. హాలు ఖాళీగా ఉన్నా సరే, మైక్ కనిపిస్తే ఆగలేడు, హలో హలో అని ఒకసారి తట్టి చూసుకుంటాడు. నా పీజీ దేంట్లో అని అడిగాడు. సోషియాలజీ అన్నాను. ఇంకేం, సోషల్ సర్వీసు నీ సబ్జెక్టే కదమ్మా అన్నాడు. కాదని చెప్పడానికి ఓపిక లేదు.

ఇంటర్వ్యూ రిజల్ట్ ఇంకా రాలేదు. ఫోన్ ఎన్నిసార్లు చూసుకున్నా రాదు. అది వచ్చేదాకా ఇక్కడే, పెద్దమ్మ దగ్గర, కర్టెన్ లేని కిటికీ కింద.

నవంబర్ 4, మంగళవారం. పొద్దున్నే

ఆ కిటికీ గురించి రాసి తీరాలి.

పెద్దమ్మ ఇంట్లో ముందు గది కిటికీకి కర్టెన్ లేదు. మిగతా ప్రపంచమంతటికీ ఉంది. నేను పడుకునేది ఆ గదిలో సోఫా మీద కాబట్టి తెల్లారగానే ఎండ తిన్నగా వచ్చి నా కళ్ళల్లో కూర్చుంటుంది. ఎదురు బ్లాకు వాళ్ళకి మేమిద్దరం షోకేసులో బొమ్మల్లా కనిపిస్తాం. నేను కొనిపెడతాలే అంటే వద్దంటుంది. అడ్డం అంటుంది.

నిజమే, ఆవిడకి అడ్డమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. ఇప్పుడు డ్యూటీ ఈ కిటికీ దగ్గర. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఎదురు బ్లాకుకి అటెండెన్స్ వేస్తుంది. టోపీ మామ్మ కర్టెన్ తీసింది. ట్యూషన్ టీచర్ తీసింది. మాస్టారు కర్టెన్ తీశారు. అందరూ అయ్యాక నా వైపు తిరిగి, నువ్వింకా లేవలేదుటే అంటుంది.

వీధిలో ఆవిడ్ని సీసీ కెమెరా అంటారు. వెనకాల అనుకుంటారని తెలుసు. నిన్న మెట్ల దగ్గర ఎవరో మొహం మీదే అన్నారు. కెమెరా అయితే అప్పుడప్పుడూ చెడిపోయేది, నేను చెడిపోను అని జవాబిచ్చి గబగబా ఎక్కేసింది. నేనే ఎక్కడ తల పెట్టుకోవాలో తెలీక చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

నవంబర్ 6, గురువారం

మంచి పొరుగువాళ్ళు ఎవరు అని అడిగితే జనం తమ గురించే చెబుతున్నారు.

ఒకాయన అందరికీ తన నిచ్చెన ఎరువిస్తాడట. తిరిగిచ్చేటప్పుడు ఒక్కడూ తుడిచి ఇవ్వలేదట, అయినా ఇస్తూనే ఉన్నాడట. షీల్డు మీద నిచ్చెన బొమ్మ వేయించడం కుదురుతుందా అని అడిగాడు. ఇంకొకావిడ పక్కింటి టీవీ గోల ఏళ్ళ తరబడి భరిస్తోందట. ఓర్చుకోవడం సాయం కాదా అంది. రాసుకున్నాను. నాకు నచ్చింది.

తర్వాత నిజమైనవాళ్ళు దొరికారు. ఐదారుగురు ఆడవాళ్ళు. వీధిలో తోడు లేనివాళ్ళు ఎవరైనా హాస్పిటల్లో చేరితే వీళ్ళు వంతులేసుకుని పక్కన కూర్చుంటారు. వాళ్ళని వీళ్ళని అని లేదు, ఎవరికైనా. సన్మానం అంటే నవ్వారు. షీల్డు ఏం చేసుకోం తల్లీ, ఆ వార్డు బయట బెంచీకి వీపు ఆనించుకునే చెక్క ఒకటి కొట్టించండి, నడుములు పోతున్నాయి అన్నారు.

అన్నిటికన్నా ఎదురు బ్లాకు వాచ్‌మన్ చెప్పింది బాగుంది. కిందటి చలికాలం మూడో అంతస్తులో డ్రాయింగ్ మాస్టారు బాత్రూమ్‌లో జారి పడ్డారు. ఒంటరి మనిషి, కాలు విరిగింది, అరిచే ఓపిక లేదు. పొద్దున్నే వాచ్‌మన్ గదిలో ఉన్న పాత ఫోన్ మోగింది. రైల్వే స్టేషన్‌లో అనౌన్స్ చేసే ఆడగొంతు లాంటిది. దయచేసి మూడో అంతస్తులో మాస్టారి తలుపు తట్టగలరు అని, కట్. కంప్యూటర్ కాల్ ఏమో, ఒకటి నొక్కమంటుందేమో అని కాసేపు రిసీవర్ పట్టుకునే ఉన్నాడట. తర్వాత ఎందుకైనా మంచిదని పైకెళ్ళి తలుపు తడితే లోపల మూలుగు. ఇంకోసారి నాలుగో అంతస్తు టోపీ మామ్మకి షుగర్ పడిపోయినప్పుడు కూడా ఆ గొంతే. ఎవరో ఏమిటో అతనికి తెలీదు. ఆ ఫోన్‌లో నంబర్ పడదు. షీల్డు ఇచ్చేదుంటే ఆ గొంతుకివ్వండమ్మా అన్నాడు.

మైక్ టెస్టింగ్ కుర్చీలోంచి లేచాడు. ఆ గొంతుని పట్టుకో, ప్రోగ్రామ్‌కే హైలైట్ అవుతుంది అన్నాడు.

నవంబర్ 8, శనివారం

ఎదురు బ్లాకంతా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు. గొంతు దొరకలేదు, నిద్ర పోయింది.

నవంబర్ 9, ఆదివారం

మాస్టార్ని కలిశాను. చేతికర్ర, చెవి వెనక పెన్సిలు, చొక్కా జేబు నిండా రబ్బరు పొట్టు. రిటైరై ఎంతకాలమైనా వేళ్ళకి రంగు పోలేదు.

ఆ రోజు బాత్రూమ్ నేల మీద పడి ఉన్నంతసేపూ ఏం చేశారు అని అడిగాను. ఎదురుగా పగిలిన టైలు ఉంది, ఆ బీట ఎటునుంచి ఎటు పోయిందో మనసులో గీసుకుంటూ ఉన్నాను, వేరే పనేముంది అన్నారు. ఆ ఫోన్ చేసిందెవరో తెలిస్తే ఒకసారి దణ్ణం పెట్టుకుందును అన్నారు.

ఆయన కిటికీలోంచి మా కిటికీ తిన్నగా కనిపిస్తుంది. వీధి మొత్తంలో కర్టెన్ లేనిది అదొక్కటే, పొద్దునపూట వెలుగు పడి చాలా బాగుంటుంది అన్నారు. అని, నేనేం అదే పనిగా చూడనమ్మా అన్నారు కంగారుగా. చెవులు ఎర్రబడ్డాయి. పెద్దమ్మతో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడలేదట. ఏమని మాట్లాడను, ఎదురిల్లు కదా అన్నారు. టేబుల్ మీద సగం వేసిన బొమ్మ ఉంది. కిటికీ, గట్టు మీద కాఫీ గ్లాసు. ఇదెవరిదండీ అంటే, కిటికీ అన్నారు.

నవంబర్ 11, మంగళవారం. పొద్దున

తల ఇంకా ఆరలేదు, అయినా ముందు ఇది రాయాలి.

స్నానం చేసి వస్తున్నాను. ముందు గదిలో ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. ఇస్త్రీ చేసినట్టుంది ఆ గొంతు, ఎక్కడా ఒక్క ముడత లేదు. దయచేసి నాలుగో అంతస్తులో టోపీ పెట్టుకునే అమ్మగారి తలుపు తట్టగలరు. ఫోన్ పెట్టేసిన చప్పుడు. తల తుడుచుకుంటూ బయటికొచ్చాను. గదిలో పెద్దమ్మ ఒక్కతే ఉంది. ల్యాండ్‌లైన్ మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది.

ఎవరొచ్చారు అని అడిగాను, మొద్దులా. ఎవరూ రాలేదు, తల సరిగ్గా తుడుచుకో, జలుబు చేస్తుంది అంది, తన మామూలు గరగర గొంతుతో.

ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. నాలుగో అంతస్తు కర్టెన్ వేసే ఉంది. కాసేపటికి కర్టెన్ పక్కకి జరిగింది, టోపీ బయటికొచ్చింది, వెనక్కి తిరిగి వాచ్‌మన్‌ని తిడుతోంది. ఒక్కరోజు మొద్దునిద్ర పట్టింది, దానికీ గోలేనా, మనిషిని పడుకోనివ్వరా అని వీధంతా వినపడింది. పెద్దమ్మ కాఫీ ఒక గుటక తాగి, గొంతు ఖంగుమంటోంది, పర్వాలేదు అంది.

అదే రోజు. సాయంత్రం

అడగాల్సినవన్నీ అడిగేశాను. అటెండెన్స్ అందరికీ కాదట. ఒంటరిగా ఉండేవాళ్ళకేనట. ఎవరు ఎప్పుడు కర్టెన్ తీస్తారో ఆవిడకి తెలుసు. ఆ వేళ దాటితే వాచ్‌మన్‌కి ఫోన్. అంతే. అంతకుమించి ఏమీ చూడనని, చూడాలన్నా కళ్ళు ఆనవని అంది.

ఎగిరి గంతేశాను. పదహారున స్టేజీ మీద నువ్వే అన్నాను. ఆవిడ మొహం చూసి కిందికి దిగాను.

చెప్పావంటే నా ఇంట్లో ఉండకు అంది. తర్వాత మెత్తబడి, కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఇప్పుడు వాళ్ళు కర్టెన్ తీసేది తమకోసం. లేచారు, వెలుగు కావాలి, తీశారు. ఎవరో చూస్తున్నారని తెలిసిందనుకో, ఒంట్లో బాగాలేని రోజు కూడా మొహమాటానికి లేచి, గోడ పట్టుకుని వచ్చి, కర్టెన్ తీసి, మళ్ళీ వెళ్ళి పడుకుంటారు. పాపం ఆవిడ కంగారు పడుతుంది అనుకుంటారు. ఇక ఆ కర్టెన్‌ని నేనెలా నమ్మను? లైను చచ్చిపోతే తెలుస్తుందే, బతికున్నట్టు నటిస్తే నాకెలా తెలుస్తుంది?

మరి అందరూ కెమెరా కెమెరా అంటుంటే నీకేం అనిపించదా అన్నాను. అననీ. తిట్టుకున్నంతకాలం నా దగ్గర ఎవరికీ మొహమాటం ఉండదు అంది.

ఒట్టు వేశాను.

నవంబర్ 13, గురువారం

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

లిఫ్ట్‌లో ఇద్దరు ఆడవాళ్ళు. నేను వెనక ఉన్నానని చూసుకోలేదు. ఆ కెమెరాకి పెళ్ళా పెటాకులా, తన ఇల్లు ఖాళీ కాబట్టే పొద్దస్తమానం పక్కవాళ్ళ బెడ్‌రూముల్లోకి గుడ్లప్పగించి చూస్తుంది అంది ఒకావిడ. రెండో ఆవిడ కిసుక్కున నవ్వింది. ఈ రెండో ఆవిడ తల్లి ఎదురు బ్లాకులో ఒక్కతే ఉంటుంది, ఆమధ్య ఆమెకి గుండెల్లో నొప్పి వస్తే సమయానికి ఎవరు చూశారో ఇప్పుడు నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. లిఫ్ట్ ఆగగానే తిన్నగా హాల్‌కి వెళ్ళి మైక్ టెస్టింగ్‌కి మొత్తం చెప్పేశాను.

చెప్పాక భయమేసింది. ఎవరికీ తెలియకూడదు, స్టేజీ మీద పేరు ఎత్తకూడదు, ఊరికే మీకు తెలియాలని చెప్పాను అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, నిజంగానే తడి. గుండె మీద చెయ్యేసుకుని, పేరు నా నోట రాదమ్మా అన్నాడు.

నవంబర్ 15, శనివారం

మైక్ టెస్టింగ్ ఇవాళ నన్ను చూసి కన్ను కొట్టాడు.

నవంబర్ 16, ఆదివారం

నిచ్చెనాయనకి షీల్డు వచ్చింది. నిచ్చెనతో సహా స్టేజీ ఎక్కుతాడేమో అనుకున్నాను, కొద్దిలో తప్పింది. టీవీ గోల భరించే ఆవిడకి కూడా ఇచ్చారు, పక్కింటివాళ్ళే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. హాస్పిటల్ ఆడవాళ్ళు స్టేజీ మీద కూడా బెంచీ మాటే ఎత్తారు. పెద్దమ్మ చివరి వరసలో, ఎవరు ఎవరితో వచ్చారో కనపడే చోటు చూసుకుని కూర్చుంది.

అంతా అయిపోయిందనుకుని కుర్చీలు జరుపుతున్నారు. మైక్ టెస్టింగ్ గొంతు సవరించుకున్నాడు. ఇంకొక్కరున్నారు, పేరు చెప్పనని మాటిచ్చాను, చచ్చినా చెప్పను అన్నాడు. ఆ మహాతల్లి మన వీధిలోనే ఉంటుంది, ఈ పక్క బ్లాకులో, రెండో అంతస్తులో, కర్టెన్ లేని కిటికీ వెనకాల, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది, పేరు మాత్రం అడక్కండి అన్నాడు. తర్వాత కర్టెన్ల సంగతి, ఫోన్ల సంగతి, పూసగుచ్చినట్టు మొత్తం చెప్పాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. మాస్టారు అందరికన్నా ముందు లేచారు. కర్ర చంకలో ఇరికించుకుని చప్పట్లు కొడుతున్నారు, కర్ర జారిపోతున్నా కొడుతున్నారు. టోపీ మామ్మ టోపీ తీసేసింది. లిఫ్ట్‌లో నవ్విన ఆవిడ ఏడుస్తోంది. ఇదంతా నేను కోరుకున్నదే. ఇదే చూడాలనుకున్నాను.

పెద్దమ్మ లేచి నిలబడింది. అంతమందిలో నన్నొక్కదాన్నే చూసింది. తర్వాత వెళ్ళిపోయింది.

షీల్డు నేనే అందుకుని ఇంటికి తెచ్చాను. ఎక్కడ పెట్టను అని అడిగాను. తలుపుకి అడ్డం పెట్టు, గాలికి కొట్టుకుంటోంది అంది.

నవంబర్ 17, సోమవారం. తెల్లవారగానే

ఎదురు బ్లాకులో ఒక్క కర్టెన్ వేసి లేదు. నాలుగంతస్తులూ, ఒంటరివాళ్ళూ, సంసారులూ, అందరూ తీసేశారు. ఎండ కూడా సరిగ్గా రాలేదు. స్కూలు అసెంబ్లీలో పిల్లల్లా కిటికీలన్నీ వరసగా నిలబడ్డాయి. టోపీ మామ్మ ఇటు చూసి చెయ్యి ఊపింది. మాస్టారు తల వంచి నమస్కారం పెట్టారు.

నాకు గుండె నిండిపోయింది. పెద్దమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. చాలాసేపు చూసింది. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టింది.

లైను చచ్చిపోయింది అంది.

నవంబర్ 18, మంగళవారం

మైక్ టెస్టింగ్ ఇంటికొచ్చాడు. కూర్చోడు, నిలబడడు. ఎదురు బ్లాకు మొదటి అంతస్తులో కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఏదో అన్నారట, ఈ రోజుల్లో ప్రైవసీ అనేది కూడా ఉంటుంది కదండీ అని గొణిగాడు. ఆదివారం నాడు చప్పట్లు కొట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు, నేను చూశాను. ఆయన వెళ్ళాక పెద్దమ్మ తన కుర్చీ తిప్పేసుకుంది. ఇప్పుడు వీపు కిటికీకి, మొహం క్యాలెండర్ ఉన్న గోడకి.

నవంబర్ 19, బుధవారం

ఉప్పు ఇటివ్వు. ఇవాళ మొత్తం మీద నాతో ఆవిడన్న మాట అదొక్కటే.

నవంబర్ 21, శుక్రవారం. హాస్పిటల్ బెంచీ మీద

నిజమే, దీనికి వీపు ఆనించుకునే చెక్క లేదు.

నిన్న సాయంత్రం సంగతి. పెద్దమ్మ గోడకేసి కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నాకు ఏం చెయ్యాలో తోచక కిటికీ దగ్గర నిలబడ్డాను. ఈ మధ్య ఆవిడ బదులు నేను చూస్తున్నాను. చూడ్డం అయితే చూస్తున్నాను గానీ ఏం చూడాలో తెలీదు. అన్ని కర్టెన్లూ తీసే ఉంటాయి, అందరూ బాగున్నట్టే ఉంటారు. చీకటి పడుతోంది. ఒక్కొక్క ఇంట్లో లైటు వెలుగుతోంది, కర్టెన్ పడుతోంది. మాస్టారి కిటికీ ఒక్కటే నల్లగా, తెరిచి ఉంది.

మాస్టారు సాయంత్రం కర్టెన్ వేస్తారా అని అడిగాను, ఊరికే అడిగినట్టు.

ముందు లైటు వేసి, తర్వాత కర్టెన్ వేస్తారు, ఎప్పుడూ అంతే అంది, తల తిప్పకుండా.

వెయ్యలేదు అన్నాను. లైటూ లేదు.

చేతిలో కాయ ఆగిపోయింది. ఫోన్ వైపు చూసింది, కానీ తియ్యలేదు. ఎందుకో నాకు అర్థమైంది. ఆ గొంతు ఎవరిదో ఇప్పుడు వీధి మొత్తానికి తెలుసు. నాకెందుకే, బయటికెళ్ళి ఉంటారు, మళ్ళీ ఒకళ్ళ చేత మాట పడనా అంది. ఆవిడ భయపడడం నా జన్మలో మొదటిసారి చూశాను. ఆ భయం నేను పెట్టిందే. మాట పడితే నేను పడతాను, పద అన్నాను. ఒళ్ళో గిన్నె కింద పెట్టి లేచింది. ఇంట్లో చెప్పులతోనే మెట్లు దిగింది, నాకన్నా ముందు రోడ్డు దాటింది.

వాచ్‌మన్ మారుతాళం చెవితో తలుపు తీశాడు. మాస్టారు మంచం మీద ఉన్నారు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పెదవులు ఎండిపోయాయి. రెండ్రోజులుగా జ్వరమట. పెద్దమ్మని చూసి లేవబోయారు. క్షమించండి, పొద్దున కర్టెన్ తీశానండీ, రోజూ తీస్తూనే ఉన్నాను, మీరు కంగారు పడతారని, గోడ పట్టుకుని వచ్చి మరీ తీశాను అన్నారు.

గోడ పట్టుకుని. అక్షరం పొల్లుపోకుండా ఆవిడ చెప్పిందే.

పెద్దమ్మ చెంగున వెళ్ళి కర్టెన్ సర్రున వేసేసింది. తర్వాత ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది.

జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు డాక్టర్లు. ఇంకో పూట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదన్నారు. నేను విన్నాను. పెద్దమ్మ కూడా విన్నది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. బెంచీ మీద నా పక్కన కూర్చుని, వీపు ఆనించుకో, నా భుజానికి అంది.

అదే రోజు. మధ్యాహ్నం

హాస్పిటల్లో వంతులేసుకునే ఆడవాళ్ళు వచ్చారు. ఇక మీరిద్దరూ ఇంటికెళ్ళండి అన్నారు. పెద్దమ్మ కదల్లేదు. ఈ వంతు నాది అంది. వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. ఒకావిడ నాకు మోచేత్తో పొడిచింది.

మాస్టారికి కొంచెం తెలివొచ్చాక పెద్దమ్మ మొదలుపెట్టింది. వార్డు మొత్తం వినేలా. ఇన్నేళ్ళు ఎదురుగా ఉండి ఒక్క మాట ఆడలేదు, ఆడిన మొదటి మాట అబద్ధమా, మీకు బాగున్నట్టు చెప్పమని నేనడిగానా, బొమ్మలో అయితే లేని గీత గీస్తారా అంది. ఆక్సిజన్ మాస్కు లోపల ఆయన నవ్వుతున్నట్టు తెలిసింది. ఆవిరి పట్టింది.

నవంబర్ 23, ఆదివారం

హాల్లో మీటింగ్ పెట్టించింది. నేను కాదు, పెద్దమ్మ. మైక్ టెస్టింగ్ దగ్గరికెళ్ళి, ఆ రోజు మీరు మాట్లాడారు కదా, ఇవాళ నేను మాట్లాడతాను, మైక్ ఇటివ్వండి అంది. ఆయన మైక్ వేరేవాళ్ళకి ఇవ్వడం ఇదే మొదలు. తట్టి చూడ్డం కూడా మర్చిపోయి ఇచ్చేశాడు.

వెనక్కి తిరిగి కూర్చున్నన్నాళ్ళూ ఆలోచించిందట. లైను చచ్చిపోయింది నిజమే, కానీ చెయ్యాల్సింది ఏడుస్తూ కూర్చోవడం కాదు, కొత్త లైను వెయ్యాలి.

స్టేజీ మీద నిలబడి, ఆ ఇస్త్రీ గొంతు తీసింది. దయచేసి వినగలరు. ఆ మాటకి వెనక నిలబడ్డ వాచ్‌మన్ అటెన్షన్‌లోకి వచ్చి, ఎవరి తలుపండీ అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. నవ్వులు ఆగాక మిగతాది తన సొంత గొంతుతోనే చెప్పింది. నేను చూడ్డం ఇష్టం లేనివాళ్ళు చెప్పండి, ఆ కిటికీ వైపు నా చూపు పోదు. ఇష్టమైనవాళ్ళు మాత్రం నాకు మర్యాద చెయ్యకండి. ఒంట్లో బాగాలేని రోజు కర్టెన్ తియ్యకండి. నాకోసం లేచి తీశారంటే నన్ను గుడ్డిదాన్ని చేసినట్టు. మీరు నాకిచ్చిన షీల్డు కన్నా, వేసి ఉంచిన కర్టెన్ నాకు ఎక్కువ సన్మానం.

చప్పట్లు కొట్టబోయారు. వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కొక్కళ్ళూ లేచి సరేనన్నారు. కొత్త పెళ్ళివాళ్ళు మాకు వద్దండి అన్నారు. మంచిది నాయనా, నాకూ పని తగ్గుతుంది అంది.

ఇంటికొచ్చి కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది. ఆవిడ తిప్పుతుంటే నేను రెండో పక్క పట్టుకున్నాను.

నవంబర్ 29, శనివారం

మాస్టారు ఇంటికొచ్చారు.

జనం ఇప్పుడు మరీ నిజాయితీగా తయారయ్యారు. టోపీ మామ్మ బుధవారం కర్టెన్ తియ్యలేదు. వాచ్‌మన్ పరిగెత్తుకెళ్తే, ఒంట్లో బాగానే ఉంది, మనసులో దిగులుగా ఉంది, అది కూడా చెప్పొచ్చా అని అడిగిందట. పెద్దమ్మ అటు వెళ్ళి సాయంత్రం దాకా కూర్చొచ్చింది. ట్యూషన్ టీచర్ ఫోన్‌లో కూతురితో పోట్లాడి ఒకపూట వేసేసింది. ఇవాళ మాస్టారిది పొద్దునంతా వేసే ఉంది. గుండె గుభేలుమని మేమిద్దరం పరిగెత్తాం. తలుపు తీసి, మోకాలు కొంచెం పట్టేసిందండీ, నిజమే చెప్పాలన్నారు కదా అన్నారు. చేతిలో బ్రష్షు ఉంది. పెద్దమ్మ నవ్వేసింది. ఆవిడకి ముందు పళ్ళ మధ్య సందుందని నాకిప్పుడే తెలిసింది.

డిసెంబర్ 2, మంగళవారం

మెయిల్ వచ్చింది. ఉద్యోగం. నిజమైనది. అమ్మ కూడా ఉద్యోగమనే అంది.

పై వారమే చేరాలి. గదిలో గిర్రున తిరిగాను, సోఫా ఎక్కి దూకాను. పెద్దమ్మ నా సూట్‌కేసు అటక మీంచి దించమంది. దించుతూ కిటికీ వైపు చూశాను, అప్పుడు తట్టింది. నేను వెళ్ళాక ఈ ఇంట్లో ఆవిడొక్కతే. వీధిలో ఒంటరివాళ్ళందర్నీ ఆవిడ చూస్తుంది. ఈ కిటికీకేమో కర్టెనే లేదు. లేచిందో లేవలేదో ఎదుటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?

సోఫా దిగాను.

డిసెంబర్ 4, గురువారం

పోట్లాడుకున్నాం. కర్టెన్ వెయ్యి అన్నాను. అడ్డం అంది. పొద్దున తీసేస్తే అడ్డమెలా అవుతుందన్నాను. ఎవరు చూస్తారే నన్ను, పనీపాటా లేనివాళ్ళు అంది. ఎదురు బ్లాకు మూడో అంతస్తు కేసి చూశాను, అంతే.

చెవులు ఎర్రబడడం ఈసారి పెద్దమ్మ వంతు.

డిసెంబర్ 6, శనివారం

రంగు ఎంచడానికి పొద్దంతా పట్టింది. షాపతను సాంపిల్ ముక్కలు ఇచ్చాడు. పెద్దమ్మ ఒక్కో ముక్కా కిటికీలో పట్టుకుని నిలబడింది. అటుపక్క మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఇంకోటి. అడ్డంగా. ఇంకోటి. ఈయన డ్రాయింగ్ మాస్టారేమిటే, గవర్నమెంటు ఆఫీసులా ఉన్నాడు, ఏదీ పాసు చెయ్యడు అని విసుక్కుంది, కానీ పట్టుకోవడం మాత్రం మానలేదు. చివరికి ముదురు పసుపు. ఆయన రెండు చేతులూ ఎత్తేశారు.

కుట్టించి తెచ్చి తగిలించాం.

డిసెంబర్ 8, సోమవారం. పొద్దున

మధ్యాహ్నం నా బస్సు. హాయిగా నిద్రపోయాం, ఇద్దరం. కొత్త కర్టెన్ ఎండని ఆపేసింది, లేపేవాళ్ళే లేరు.

ల్యాండ్‌లైన్ మోగింది. కళ్ళు మూసుకునే తీశాను. అటు మగ గొంతు, ఇస్త్రీ చేసుకోవాలని తెగ కష్టపడుతోంది. దయచేసి. రెండో అంతస్తులో. ఇక్కడ జీర వచ్చింది, దగ్గు వచ్చింది, మళ్ళీ మొదలుపెట్టింది. దయచేసి రెండో అంతస్తులో, కిటికీ, అంటే, తలుపు తట్టగలరు.

నవ్వు ఆపుకోలేక రిసీవర్ పెద్దమ్మ చేతిలో పెట్టాను. జుట్టు చెదిరి, కళ్ళు ఉబ్బి, దిండు మడత చెంప మీద అచ్చుపడి ఉంది. వింది. గొంతు మార్చలేదు, సవరించుకోలేదు.

లైనులోనే ఉన్నాను మాస్టారూ అంది.

తర్వాత కూడా రిసీవర్ పెట్టలేదు. నేను వెళ్ళి కర్టెన్ తీశాను.

డిసెంబర్ 10, బుధవారం

కొత్త గది. పొద్దున్నే లేచి కర్టెన్ తీశాను. ఎదురుగా గోడ. చెయ్యి ఊపాను.